నగర జీవావరణాన్ని మన పిల్లలకు నేర్పాలి

సంపాదకులకు,

మా అమ్మాయి డిగ్రీలో పర్యావరణ శాస్త్రం చదువుతోంది. ఆమె పాఠాల్లో అడవి ఉంది, సముద్రం ఉంది, చెరువు ఉంది. నగరం మాత్రం కాలుష్యం అనే ఒక్క అధ్యాయంలోనే కనిపిస్తుంది. నగరం కూడా నీరు, మట్టి, చెట్లు, పక్షులు, మనుషులు కలిసి బతికే జీవావరణమేనని చెప్పే శాస్త్రం ఒకటుందని, అమెరికాలోని బాల్టిమోర్ నగరాన్ని 1997 నుంచి అలా ఏళ్ల తరబడి పరిశీలించారని తెలిసినప్పుడు, ఆ చదువు విజయవాడకు ఎంత అవసరమో అనిపించింది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, ఆ వాగు ఏ దారిన కొల్లేరుకు చేరుతుందో ఇక్కడే పుట్టి పెరిగిన నాకే సరిగా తెలియదు. వాన నీరు ఇంకే నేల సిమెంటు కిందకు పోయేకొద్దీ కాలువల్లోకి ఒక్కసారిగా ఎంత నీరు వస్తుందో, బందరు కాలువ గట్టున చెట్ల నీడకూ బెంజి సర్కిల్ రోడ్డుకూ మే నెల ఎండలో తేడా ఎంతో విద్యార్థులే కొలవవచ్చు. అందుకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు; ఉష్ణమాపకం, నోటుపుస్తకం, ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లే ఓపిక చాలు.

కాలువ గట్టున ఇల్లు వేసుకున్న కుటుంబాన్ని లెక్కలోకి తీసుకోని జీవావరణ పాఠం నా దృష్టిలో సగం పాఠమే కనుక, వృక్షశాస్త్రంతో పాటు సివిల్ ఇంజనీరింగ్, సామాజిక శాస్త్ర విభాగాలు కూడా దీన్ని కలిసి బోధించాలి. మన ప్రాంత విశ్వవిద్యాలయాలు వచ్చే విద్యా సంవత్సరం నుంచి కనీసం ఒక ఐచ్ఛిక కోర్సుగానైనా దీన్ని ప్రారంభించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ