ఓడకు గంటల లెక్క ఉంది, గేటు బయట ఆగిన ట్రెయిలర్‌కు ఏ లెక్కా లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

రేవుల ఆధునికీకరణ మీద ఈమధ్య వస్తున్న వార్తల్లో బెర్తుల లోతు, కొత్త క్రేన్లు, కోట్ల కేటాయింపుల సంగతులే ఎక్కువ. చెన్నై రేవులో కస్టమ్స్ క్లియరింగ్, రవాణా పనులు చేసే తెలుగువాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. గుంటూరు మిర్చి, చీమకుర్తి గ్రానైట్, నెల్లూరు రొయ్య కూడా చెన్నై, దాని పక్క రేవుల మీదుగా విదేశాలకు పోతాయి. కాబట్టి ఇది తమిళనాడు వాళ్ల సమస్యే కదా అని మన పాఠకులు వదిలేయదగ్గ విషయం కాదు.

ప్రభుత్వం డబ్బూ శ్రద్ధా ఓడ వైపు పెడుతోంది. సరుకు మాత్రం గేటు బయట ఆగుతోంది. ఆ ఆలస్యాన్ని కొలిచేవాళ్లు లేరు, కొలవనిదానికి బాధ్యులూ ఉండరు. మా ఫిర్యాదు ఇదే.

ప్రపంచ బ్యాంకు 2023 లాజిస్టిక్స్ నివేదికలో 139 దేశాల్లో మనది 38వ స్థానం. మన రేవుల్లో ఓడ సగటున 0.9 రోజు మాత్రమే ఆగుతోందని కూడా లెక్క వచ్చింది. నిజంగా మెచ్చుకోవలసిన మార్పు. అయితే ఆ ఓడలో ఎక్కాల్సిన కంటైనర్ ఎక్కడ ఎన్ని గంటలు ఆగిందో ఆ అంకె చెప్పదు. కంటైనర్లను ఓడకు ఎక్కించి దించే టెర్మినల్ కంప్యూటర్‌లో ట్రెయిలర్ గడియారం మొదలయ్యేది గేటు లోపలికి చక్రం దిగాకే. రేవుకు వచ్చే ఎన్నూర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద, మణలి రోడ్డు మీద అంతకుముందు గడిచిన సమయం ఎవరి ఖాతాలోనూ పడదు. టెర్మినల్ తన లెక్క సరిగ్గానే ఉందంటుంది, డ్రైవర్ రాత్రంతా లైన్‌లో ఉన్నానంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

లైను ఎందుకు పెరుగుతుందో చిన్న లెక్క చూడండి. గేటు దగ్గర ఒక్కో బండికి మూడు నిమిషాలు పడితే ఒక వరుసలో గంటకు 20 బండ్లు పోతాయి. పదింటిలో ఒకదానికి కాగితాల్లో తేడా వచ్చి పావుగంట ఆగిందనుకోండి. అప్పుడు పది బండ్లకు పట్టేది 42 నిమిషాలు, అంటే గంటకు 14 బండ్లే. ఒక్క బండి వల్ల ఆ వరుస సామర్థ్యం దాదాపు మూడో వంతు పోయింది. కొత్త వరుసలు కట్టడానికి ముందు, తేడా వచ్చిన బండిని వెంటనే పక్కకు తీసి నిలిపే జాగా గేటుకు ముందే ఉండాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఇక ఆ తేడాలు ఎలా వస్తాయంటే, ఒకే వివరాన్ని నలుగురు నాలుగుసార్లు టైపు చేస్తారు. కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లులో ఒకసారి, ఓడ కంపెనీ బుకింగ్‌లో ఒకసారి, గేటులోకి వెళ్లడానికి ఇచ్చే ఫారం 13లో ఒకసారి, కంటైనర్ తలుపుకు వేసే ఎలక్ట్రానిక్ సీల్ (ఈ-సీల్) వివరాల్లో మరోసారి. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర చిన్న చదరపు గడిలో ఒక అంకె ఉంటాయి. ఆ చివరి అంకె మిగతా పదింటి నుంచి లెక్కగట్టి వేసేది. ఒక అంకె తప్పు కొడితే లెక్క దాదాపు ఎప్పుడూ కుదరదు, కంప్యూటర్ అక్కడికక్కడే పట్టేయగలదు. అలాంటి తప్పు గేటు దాకా వచ్చిందంటే మధ్యలో ఎవరో ఆ పరీక్ష పెట్టలేదని అర్థం. సీల్ నంబరుకు ఈ రక్షణ లేదు. ఫోన్‌లో తీసిన ఫొటో చూసి కొట్టేటప్పుడు సున్నా కాస్తా ‘ఓ’ అవుతుంది, ఎనిమిది ‘బీ’ అవుతుంది. 2018లో పీసీఎస్ వన్ ఎక్స్, 2023లో ఎన్‌ఎల్‌పీ మెరైన్ అనే రేవుల ఆన్‌లైన్ పోర్టళ్లు వచ్చింది ఈ రాతలన్నిటినీ ఒక చోటికి తేవడానికే. వివరం ఒక్కసారి ఎక్కితే మిగతా చోట్ల చదువుకోవాలే తప్ప మళ్లీ టైపు చేయకూడదన్న నిబంధన పెట్టనంతవరకు పోర్టళ్లు పెరుగుతాయి, టైపింగ్ తగ్గదు.

బరువు సంగతి ఇంకొకటి. 2016 జూలై 1 నుంచి సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందం నియమం ప్రకారం, తూచి ధ్రువీకరించిన బరువు, మేం వీజీఎం అనేది, లేకుండా కంటైనర్‌ను ఓడ ఎక్కించకూడదు. మన వైపు మామూలుగా బండి మొత్తాన్ని కాటా మీద తూచి, ట్రెయిలర్ ఖాళీ బరువు తీసేస్తారు. ఆ ఖాళీ బరువును ఆర్‌సీ పుస్తకంలోంచి ఎత్తి రాస్తారు. బండిలో ఉన్న 300 లీటర్ల డీజిలే 250 కిలోలు, దానికి స్టెప్నీ, గొలుసులు, జాకీలు అదనం. గ్రానైట్ దిమ్మెలు వేసిన ఇరవై అడుగుల పెట్టె 30,480 కిలోల పరిమితికి అంచున ఉంటుంది కాబట్టి అక్కడ ఈ తేడానే బండిని వెనక్కి తిప్పుతుంది. ఖాళీ బండిని, నిండు బండిని అదే కాటా మీద, అదే రోజు తూచడమే దీనికి మందు. హైవే కాటాల తనిఖీని తూనికల శాఖ రేవుకు వచ్చే దారుల్లో కాస్త తరచుగా చేస్తే చాలు.

రొయ్యల సంగతి ఇంతకన్నా సున్నితం. రీఫర్, అంటే శీతల కంటైనర్, సరుకును గడ్డకట్టించదు. గడ్డకట్టిన సరుకును మైనస్ 18 డిగ్రీల దగ్గరో, అంతకన్నా కిందో నిలబెడుతుంది, అంతే. రోడ్డు మీద దానికి కరెంటు బండికి తగిలించిన చిన్న డీజిల్ జనరేటర్ (జెన్‌సెట్) నుంచి రావాలి. అది గంటకు రెండున్నర నుంచి నాలుగు లీటర్ల డీజిల్ తాగుతుంది. లైన్‌లో పది గంటలు నిలబడితే ఆ లెక్క మీరే వేసుకోండి. డీజిల్ అయిపోయి జెన్‌సెట్ ఆగితే లోపలి వేడి ఎప్పుడు ఎంత పెరిగిందో కంటైనర్‌లోని రికార్డరులో పడుతుంది. ఆ గీత చూసి అవతల కొనుగోలుదారు సరుకు వద్దంటాడు. నష్టం నెల్లూరు చెరువు దాకా వస్తుంది. గేటులో రీఫర్లకు వేరే వరుస, నిలిపే చోట త్రీఫేజ్ ప్లగ్గులు కావాలని అడుగుతున్నది అందుకే.

బండ్లన్నీ ఒకేసారి ఎందుకు వస్తాయన్నది అసలు ప్రశ్న. ప్రతి ఓడకూ సరుకు తీసుకోవడం మొదలుపెట్టే వేళ, ఆపేసే కటాఫ్ వేళ ఉంటాయి. ఓడ రాక మారితే ఆ వేళలూ మారతాయి. అప్పటికి గుంటూరు నుంచి బండి బయల్దేరి ఉంటుంది, 400 కిలోమీటర్ల దారి. ముందుగా వస్తే గేటు తీయరు, ఆలస్యమైతే ఆ ఓడ తప్పి తర్వాతి ఓడకు పోతుంది. అద్దె, ప్లగ్గు ఛార్జీలు ఎగుమతిదారు మీద పడతాయి. అందుకని అందరూ ముందే వచ్చి రోడ్డు మీద నిలబడతారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో అలల వల్ల ఓడలు గుంపుగా వచ్చినప్పుడు ఇది రెట్టింపవుతుంది. లాస్ ఏంజిలెస్ రేవులో బండికి ముందుగా సమయం కేటాయిస్తారు. మన ముంబై దగ్గరి నవషేవా రేవులో ఎగుమతి బండ్లకు కేంద్రీకృత పార్కింగ్ ప్లాజా ఉంది. చెన్నైకి ఆ రెండూ కలిపి కావాలి: మణలి, మింజూరు వైపు పార్కింగ్, అక్కడే కాగితాల పరీక్ష, రెండేసి గంటల స్లాట్లు. స్లాట్‌కు రాని బండికి జరిమానా వేస్తే, స్లాట్ ఇచ్చి లోపలికి తీసుకోలేని టెర్మినల్ కూడా అంతే కట్టాలి. ఒకవైపే జరిమానా ఉన్న పద్ధతి డ్రైవర్ జేబుకు చిల్లు పెట్టడం తప్ప ఇంకేమీ చేయదు. ఆ పార్కింగ్‌లో మరుగుదొడ్లు, స్నానాల గదులు, తాగునీరు మొదటి రోజు నుంచే ఉండాలి. రాత్రంతా స్టీరింగ్ ముందు కూర్చునే మనిషి రేవు సామర్థ్యంలో భాగం కాదా?

రోడ్డు గురించి క్లుప్తంగా. రేవు నుంచి మదురవాయల్‌కు వేయాల్సిన ఎత్తైన దారికి (ఎలివేటెడ్ రోడ్డుకు) 2009లో శంకుస్థాపన జరిగింది. 2012లో కూవం నదిలో స్తంభాల అభ్యంతరంతో పని ఆగింది. 2022 మేలో రెండంతస్తుల కొత్త నమూనాకు మళ్లీ శంకుస్థాపన. మొదట 1,800 కోట్ల స్థాయిలో ఉన్న ఖర్చు 5,800 కోట్లకు దగ్గరైంది. అది పూర్తవ్వాల్సిందే. దానికి తోడు 262 కిలోమీటర్ల బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే శ్రీపెరుంబుదూరులో బండ్లను దింపుతుంది. గేటు మారకపోతే దారిలో మిగిలిన గంటలన్నీ గేటు ముందే కరిగిపోతాయి.

రైలుకు దక్కాల్సిన వాటా దక్కడం లేదు. ఒక కంటైనర్ రేక్‌లో, అంటే పూర్తి గూడ్సు రైలులో, 45 వ్యాగన్లుంటాయి, అంటే రోడ్డు మీద 45 ట్రెయిలర్లు తగ్గుతాయి. బెంగళూరు వైట్‌ఫీల్డ్ డిపో నుంచి చెన్నై 350 కిలోమీటర్లే కావడంతో చిక్కొచ్చింది. ఇంత తక్కువ దూరానికి రెండు చివర్లా ఎత్తి దించే ఖర్చు, ఖాళీ పెట్టెలను వెనక్కి పంపే ఖర్చు కలిస్తే లారీయే చవక. రేక్ పొడవు ఇంజన్‌తో 640 మీటర్ల దాకా ఉంటుంది. సరుకు ఎత్తి దించే పక్క పట్టాలు (సైడింగ్) అంత పొడవు లేకపోతే దాన్ని రెండుగా విడదీసి, రెండుసార్లు షంటింగ్ చేయాలి. 500 కిలోమీటర్లలోపు కంటైనర్ రైళ్లకు ఎత్తుదింపు ఛార్జీల్లో రాయితీ, పూర్తి రేక్ పట్టే సైడింగ్, ఈ రెండింటికీ కేంద్రం రేవుల అభివృద్ధి పథకం సాగరమాల నిధులు వాడవచ్చు.

ఓడల కోసం రేవులో ఉంచాల్సిన లోతు విషయంలోనూ కొలతే తప్పుతోంది. తవ్విన ఇసుకకు ఘనపు మీటరు లెక్కన డబ్బు చెల్లిస్తే గుత్తేదారుకు ఎక్కువ తవ్వడం లాభం. ఏడాది పొడవునా ఫలానా లోతు ఉంచితేనే చెల్లింపు అంటే పూడిక తగ్గించడం లాభం. చెన్నై తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు గోడలు దాన్ని ఆపడం వల్ల మెరీనా వెడల్పైంది, రాయపురం, కాశిమేడు, తిరువొత్తియూరు కోతకు గురయ్యాయి. ఆ కోత తినేది ట్రెయిలర్లు నడిచే ఎన్నూర్ ఎక్స్‌ప్రెస్‌వే అంచునే. విశాఖలో తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌కు పంపే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఇక్కడి డ్రెడ్జింగ్ (ఇసుక తవ్వే) ఒప్పందాల్లోనూ పనికొచ్చే ఇసుకను ఉత్తర తీరానికి చేర్చాలన్న షరతు ఉండాలి.

బాధ్యత ఎవరిదన్న దగ్గరే అంతా ఆగుతోంది. చెన్నై, కామరాజర్ రేవులు కేంద్రానివి. పక్కనే ఉన్న కాటుపల్లి రాష్ట్ర పరిధిలోది. రోడ్డు జాతీయ రహదారుల సంస్థదో, రాష్ట్రానిదో, కార్పొరేషన్‌దో, పట్టాలు రైల్వేవి, ట్రాఫిక్ పోలీసుది. 1908 నాటి చట్టం స్థానంలో 2025లో వచ్చిన ఇండియన్ పోర్ట్స్ చట్టం, కేంద్ర రాష్ట్రాలు కలిసి కూర్చునే మారిటైమ్ స్టేట్ డెవలప్‌మెంట్ కౌన్సిల్‌కు చట్టబద్ధత ఇచ్చింది. ఈ మూడు రేవులకూ ఒకే స్లాట్ వ్యవస్థ, ఒకే పార్కింగ్, నెలనెలా ప్రకటించే బండి నిరీక్షణ సమయం, ఇవి ఆ కౌన్సిల్ ముందు పెట్టవలసిన అంశాలు. జీపీఎస్, ఫాస్టాగ్ ఉన్న రోజుల్లో బండి లైన్‌లో చేరిన క్షణాన్ని నమోదు చేయడం కష్టమేమీ కాదు. 2025-26 బడ్జెట్లో ప్రకటించిన 25 వేల కోట్ల మారిటైమ్ డెవలప్‌మెంట్ ఫండ్‌లోనూ గేటు, పార్కింగ్, సైడింగ్ పనులకు చోటుండాలి.

ఒక అవకాశం దగ్గరలోనే ఉంది. చెన్నై తొలి కంటైనర్ టెర్మినల్‌ను 2001లో ముప్పయ్యేళ్లకు ఇచ్చారు. ఆ గడువు 2031కి తీరుతుంది. అప్పట్లో ఆదాయంలో రేవుకు ఎక్కువ వాటా ఇస్తామన్నవాళ్లకే దక్కింది. 2021 మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం వచ్చాక రేవు బోర్డుకు నిర్ణయాధికారం పెరిగింది కాబట్టి, తర్వాతి ఒప్పందం ముసాయిదాను ఇప్పుడే బహిరంగంగా చర్చకు పెట్టాలి. అందులో లైన్‌లో చేరినప్పటి నుంచి గేటు దాటి బయటికొచ్చేదాకా బండికి పట్టే గరిష్ఠ సమయం, సరుకులో రైలు కనీస వాటా, రెండింటికీ తప్పితే చెల్లించాల్సిన మొత్తం రాసి ఉండాలి. ముసాయిదా మీద ఎగుమతిదారులు, క్లియరింగ్ ఏజెంట్లతో పాటు డ్రైవర్ల సంఘాల అభిప్రాయాన్ని కూడా, తమిళంతో పాటు తెలుగులోనూ తీసుకోవాలని కోరుతున్నాం.

ఇట్లు,
చెన్నై రేవులో పనిచేసే కొందరు తెలుగు క్లియరింగ్, రవాణా వృత్తిదారులు,
ప్యారీస్ కార్నర్, చెన్నై.