బూట్ సెట్టింగుల్ని కెలికే టూల్స్ డిస్ట్రోల్లో ఉండకూడదు

సంపాదకులకు నమస్కారం.

ఒకే కంప్యూటర్లో విండోస్ పక్కనే లినక్స్ పెట్టుకున్న (డ్యూయల్ బూట్) కొత్తవాళ్లు చాలామంది వెతికి మరీ వేసుకునే టూల్ గ్రబ్ కస్టమైజర్. కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలో అడిగే బూట్ మెనూలో ఏది ముందు రావాలి, ఎన్ని సెకన్లు ఆగాలి, వెనకాల ఏ బొమ్మ ఉండాలి, అన్నీ మౌస్‌తో మార్చుకోవచ్చు. ఆ కోరికలో తప్పేం లేదు. కానీ అది పనిచేసే పద్ధతి ప్రమాదకరం, అందుకే ఇలాంటి వాటిని డిస్ట్రోలు (ఉబుంటు లాంటి లినక్స్ రకాలు) తమ రిపాజిటరీల్లోంచి (సాఫ్ట్‌వేర్ భండారాల్లోంచి) తీసేయాలని గట్టిగా కోరుతున్నాను.

గ్రబ్ అంటే ఆ మెనూ చూపించి, ఎంచుకున్న సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్. దాని మెనూని స్క్రిప్టులు (చిన్న ప్రోగ్రాములు) తయారుచేస్తాయి. అవి రాసే ఫైల్ మొదట్లోనే ‘దీన్ని ఎడిట్ చేయొద్దు’ అని ఉంటుంది. టైమ్ మార్చడానికీ, డిఫాల్ట్ ఏదో చెప్పడానికీ విడిగా ఒక చిన్న సెట్టింగుల ఫైల్ ఉంది. గ్రబ్ కస్టమైజర్ దాంతో ఆగదు. మెనూ వరస మార్చమంటే అసలు స్క్రిప్టుల్నే ఇంకో ఫోల్డర్లోకి జరిపి, వాటి చోట తన ప్రాక్సీ స్క్రిప్టులు పెడుతుంది. అలా జరిగిపోయిన కాపీలు సాఫ్ట్‌వేర్‌ని వేసి అప్‌డేట్ చేసే ప్యాకేజీ మేనేజర్ చేతిలో ఉండవు, గ్రబ్ అప్‌డేట్ అయినా అవి పాతవిగానే మిగిలిపోతాయి. ఆ రోజుకి అంతా బాగానే కనిపిస్తుంది. తర్వాతెప్పుడో ఎంట్రీలు రెండేసి కనబడతాయి, లేదా కొత్త కెర్నల్ (లినక్స్ మూలభాగం) మెనూలోకి రాదు, లేదా మిషన్ అసలు లేవదు. అప్పటికి ఈ టూల్ వాడిన సంగతే గుర్తుండదు కాబట్టి తిట్లన్నీ అప్‌డేట్‌కి పడతాయి.

బూట్ వ్యవహారం మామూలుగానే సున్నితం. 2022 ఆగస్టులో ఆర్చ్ లినక్స్‌లో, దాని మీద కట్టిన డిస్ట్రోల్లో గ్రబ్ ప్యాకేజీ కొత్తదైంది కానీ బూట్ పార్టిషన్‌లోని బూట్‌లోడర్ పాతదే ఉండిపోయింది. కొత్త కాన్ఫిగ్‌లోని ఒక ఆదేశం దానికి అర్థం కాక ఎన్నో మిషన్లు బూట్ కాలేదు. ఏ టూలూ వేలు పెట్టకుండానే ఇంత టెన్షన్!

‘లినక్స్ అంటేనే స్వేచ్ఛ, ఎవరిష్టం వాళ్లది’ అంటారు. నిజమే, కావాలనుకున్నవాళ్లు సోర్స్ తెచ్చుకుని బిల్డ్ చేసుకోవచ్చు. కానీ సాఫ్ట్‌వేర్ సెంటర్లో ఇన్‌స్టాల్ బటన్‌తో కనబడితే, డిస్ట్రోవాళ్లు చూసి పరవాలేదన్నారనే కొత్తవాళ్లు నమ్ముతారు.

అయితే ఊరికే తీసేస్తే సరిపోదు. టూల్ని అన్‌ఇన్‌స్టాల్ చేసినా అది మార్చిన స్క్రిప్టులు వెనక్కి రావు, వాటిని అసలు స్థితికి తెచ్చే పద్ధతి రిలీజ్ నోట్స్‌లో రాయాలి. జనం ఇటు ఎందుకొస్తున్నారో కూడా చూడాలి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క ఆపరేటింగ్ సిస్టమ్‌ల్ని వెతకడం డిఫాల్ట్‌గా ఆగిపోయింది, చాలామందికి మెనూలో విండోస్ మాయమైంది. సెట్టింగుల ఫైల్లో ఒక్క లైన్ మారిస్తే వచ్చేస్తుంది, ఆ సంగతి చెప్పే దిక్కులేక ఇలాంటి టూల్స్ పట్టుకున్నారు. ఆ ఫైల్‌ని మాత్రమే ముట్టుకునే చిన్న సెట్టింగ్స్ పేజీ డిస్ట్రోలే ఇవ్వాలి.

మీ టెక్నాలజీ పేజీలో డ్యూయల్ బూట్ గురించి రాసినప్పుడు ఈ టూల్ పేరు సూచించకుండా, ఆ ఒక్క లైన్ ఎలా మార్చాలో వేయమని మనవి.

– ఒక లినక్స్ వినియోగదారు