జ్వరం మనవరాలికి, చీటీ తాతకి

ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా
ఆగస్టు, 2020

వినియోగదారుల విభాగం మేనేజరు గారికి,

విషయం: పసిపాప మందుల చీటీ నా పేరున రావడం, వీడియో కాల్ మధ్యలో ఆగిపోవడం గురించి.

అయ్యా,

కరోనా వల్ల 65 ఏళ్లు దాటినవారు, 10 ఏళ్లలోపు పిల్లలు వైద్య అవసరమైతే తప్ప ఇల్లు కదలవద్దని ప్రభుత్వం చెబుతోంది. నాకు 66, మా మనవరాలికి 14 నెలలు. మంగళవారం రాత్రి పాపకు ఒళ్లు కాలిపోతుంటే, ఆసుపత్రి జనంలోకి వెళ్లడం కన్నా మేలని మీ యాప్‌లో 400 రూపాయలు కట్టి పిల్లల డాక్టరుతో మాట్లాడాను.

డాక్టరు గారి మీద నాకు ఫిర్యాదు లేదు. గౌను పైకెత్తి, పాప నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టమన్నారు. ఈ వయసులో 40, ఆపైన ఉంటే వెంటనే తీసుకువెళ్లాలన్నారు. మా అమ్మాయి పాపను పట్టుకుంటే నేను గడియారం చూస్తూ లెక్కించాను. ‘36 అమ్మా’ అని తలెత్తేసరికి తెర మీద ఆవిడ లేరు. ‘సమయం ముగిసింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ అని ఉంది.

తర్వాత చీటీ వచ్చింది. రోగి పేరు నాది, వయసు 66. మందు మాత్రం ‘పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.’ మందుల షాపతను నన్ను ఎగాదిగా చూసి, ‘125దా, 250దా మాస్టారూ?’ అన్నాడు. 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములుండే సీసా ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున మా 9 కిలోల పిల్లకు ఒక మోతాదు 135 మించకూడదు. రెండో సీసా ఇస్తే దాదాపు రెట్టింపు! ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కనుక తేల్చుకున్నాను. మీ యాప్ ఎక్కడా పాప బరువు అడగలేదు. అడగడానికి అందులో గడే లేదు.

మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ (ఫోను, వీడియోల ద్వారా వైద్యం) మార్గదర్శకాల ప్రకారం, 16 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లల పక్కన పెద్దవారు ఉండాలి. ఆ పెద్దవాణ్ణే నేను, రోగిని కాను.

మర్నాడు ఆటోలో శ్రీకాకుళం వెళ్లాం. అక్కడి పిల్లల డాక్టరు ముందే ఫోనులో బరువు అడిగి రాసుకున్నారు. జ్వరం పిల్లలకు వేరే వేళ పెట్టారు, పిలిచేదాకా ఆటోలోనే కూర్చోమన్నారు. ఏ యాప్ లేకుండానే.

నా 400 వాపసు చేయండి. పాప పేరు, వయసు, బరువుతో చీటీ సరిచేసి పంపండి. నా పేరున ఉన్నది మీ రికార్డుల నుంచి తొలగించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు