ఎముక స్కాఫోల్డ్ పనిలో నాకు తోడు నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు

మా స్కాఫోల్డ్‌లో, అంటే ఎముక కణాలు పెరగడానికి ఆధారంగా మేం చేసే రంధ్రాల చట్రంలో, కణాలు ఎట్టకేలకు నడిమధ్య వరకూ చేరాయి. ఇది నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. సాయం చేసినవాళ్లు పేర్లు వద్దన్నారు, కానీ వాళ్లు చేసింది మాత్రం చెప్పకుండా ఉండలేను.

పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్‌ని (ఒక రకం ప్లాస్టిక్‌ని) క్లోరోఫామ్‌లో కరిగించి, ఎముకలోని ఖనిజంలాంటి హైడ్రాక్సీఅపటైట్ పొడి కలిపి, జల్లించిన ఉప్పు మీద పోస్తాం. ఆరాక నీళ్లలో నానబెడితే ఉప్పు కరిగిపోయి, గింజ ఉన్నచోటల్లా రంధ్రం మిగులుతుంది. లెక్క ప్రకారం దాదాపు 90 శాతం ఖాళీయే. రంధ్రాలు కూడా 300 మైక్రాన్ల (0.3 మిల్లీమీటర్ల) పైనే, రక్తనాళాలు లోపలికి పెరగడానికి సరిపడేంత. అయినా కణాలు పైపొర దాటేవి కావు. నెలల తరబడి ఇదే టెన్షన్.

లోపలి భాగాన్ని పొరలు పొరలుగా చూపించే మైక్రో సీటీ స్కానర్ చూసే అన్నయ్య తన డ్యూటీ అయిపోయాక కూడా కూర్చుని, ఒక్కో పొర జరుపుతూ చూపించారు. గదులు పెద్దవే, గదికీ గదికీ మధ్య వాకిళ్లే లేవు! ఖాళీ ఎంత శాతమో చెప్పే అంకెలో ఈ సంగతి కనపడదు. ఆ సాయంత్రం ఆయన అంత ఓపిక పట్టకపోతే నేను ఇంకా రంధ్రాల సైజు మారుస్తూనే ఉండేదాన్ని.

వేరే ల్యాబ్‌లోని సీనియర్ అక్క అది చూసి, "పాలిమర్ పోసేముందు ఉప్పుని ఒక రోజు చెమ్మలో పెట్టి చూడమ్మా" అంది. 95 శాతం తేమ ఉన్న మూత పెట్టెలో గింజల అంచులు కొద్దిగా కరిగి, ఒకదానికొకటి తాకేచోట అతుక్కుంటాయి. పాలిమర్ ఆ అతుకు చుట్టూ చేరుతుంది కానీ మధ్యలోకి దూరలేదు. ఉప్పు పోయాక అక్కడ దారి తెరుచుకుంటుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, పరిశోధనా పత్రాల్లో ఉన్నదే. కానీ తన పని పక్కన పెట్టి, మొదటి బ్యాచ్ అయ్యేవరకూ నా పక్కనే నిలబడింది అక్క. ఆ రుణం తీరేది కాదు.

ఖనిజప్పొడి ఉండలు కట్టకుండా, పాలిమర్ వేయకముందే క్లోరోఫామ్‌లో అల్ట్రాసౌండ్‌తో విడగొట్టడం నేర్పిన టెక్నీషియన్ గారికి, సెలవు రోజుల్లో కూడా వచ్చి కణాలకు మీడియం (అవి పెరిగే పోషక ద్రవం) మార్చిన జూనియర్లకు చాలా థాంక్స్.

ఎముకల డాక్టరు గారి మాట కూడా చెప్పాలి. మా ముక్కని చేతిలోకి తీసుకుని నొక్కి, వంచి చూశారు. "బలం సంగతి సరే, రక్తాన్ని పీల్చుకుంటుందా?" అని అడిగారు. పాలీకాప్రోలాక్టోన్‌కి నీరు అంటదు. ఆ ప్రశ్న వల్లే ఇప్పుడు సోడియం హైడ్రాక్సైడ్‌తో పైతలాన్ని నీరు పట్టేలా మారుస్తున్నాం. ఆపరేషన్ టేబుల్ దగ్గర ఏం కావాలో ఆయనలా విడమరిచి చెప్పేవాళ్లు మాలాంటివాళ్లకు అరుదుగా దొరుకుతారు.

జల్లెడ సైజులు, తేమలో ఉంచాల్సిన సమయం, కడిగే పద్ధతి అన్నీ వరసగా రాసి పెట్టాను. ఇదే చిక్కులో ఉన్నవాళ్లు అడగండి, వెంటనే పంపిస్తాను.