హన్స్ జెన్నీ జీవితంపై ప్రసంగానికి తోడ్పడిన వారికి కృతజ్ఞతలు

ప్రపంచ నేలల దినోత్సవమైన డిసెంబర్ 5న, వ్యవసాయ విద్యార్థుల ముందు మృత్తికా శాస్త్రవేత్త హన్స్ జెన్నీ జీవితం గురించి తెలుగులో మాట్లాడే అవకాశం నాకు కలిగింది. అందుకు కావలసిన సామగ్రిలో ఎక్కువ భాగం ఇతరుల శ్రమ వల్లనే నాకు చేరింది. తమ పేర్లు బయటపెట్టవద్దని వారు కోరినప్పటికీ, ఎవరు ఏమి చేశారో నలుగురికీ తెలియడం న్యాయమని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసింది కాలిఫోర్నియాలో స్థిరపడిన నా పూర్వ విద్యార్థిని, ఆమె భర్త గురించి. జెన్నీ ఎంతో ఇష్టపడి పరిశోధించిన మెండొసీనో తీరానికి వారు నా కోసమే వెళ్లి, జగ్ హ్యాండిల్ దగ్గర సముద్రం నుంచి పైకి మెట్లు మెట్లుగా లేచిన నేలల వెంట నడిచి, ప్రతి మెట్టు దగ్గరా ఫొటోలు తీసి పంపారు. అక్కడి అయిదు మెట్లలో పైకి పోయేకొద్దీ నేల వయసు ఒక్కో మెట్టుకు సుమారు లక్ష ఏళ్లు పెరుగుతుంది. లక్షల ఏళ్ల వానలకు పోషకాలన్నీ కడుక్కుపోయి, పై పొర బూడిద రంగుకు పాలిపోయి, దాని కింద వేళ్లకు దారివ్వని గట్టి పొర ఏర్పడిన చోట, మెరుగైన నేలలో నిటారుగా ఎదిగే సైప్రస్ చెట్లు ఏళ్లు గడిచినా మరుగుజ్జులుగానే ఉండిపోతాయి. ఆమె ఆ చెట్ల పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో చూపించినప్పుడు, నేను గంటసేపు చెప్పినా అర్థం కానిది విద్యార్థులకు ఒక్క చూపుతో అర్థమైంది. రక్షిత ప్రాంతం కనుక పిడికెడు మట్టి కూడా తీయలేదని ఆమె ప్రత్యేకంగా రాశారు. ఆ మరుగుజ్జు అడవిని కాపాడేందుకు భార్య జీన్‌తో కలిసి ఏళ్ల తరబడి పాటుపడిన జెన్నీ, ఆ మాట వింటే సంతోషించేవారనుకుంటాను.

జర్మన్ తెలిసిన ఒక మిత్రుడు, జెన్నీ 1926లో వృక్షశాస్త్రవేత్త బ్రౌన్-బ్లాంకేతో కలిసి వెలువరించిన ఆల్ప్స్ పర్వత నేలల అధ్యయనాన్ని నాకు ఓపికగా చదివి వినిపించారు. 1899లో బాసెల్‌లో పుట్టి, జ్యూరిక్‌లో చదివిన ఆ యువకుడు ఎత్తయిన పచ్చిక మైదానాల్లో తిరుగుతూ, సున్నపురాయి మీద పుట్టిన నేల సైతం కాలక్రమంలో ఆమ్లత్వం సంతరించుకోవడాన్ని గమనించాడు. అమెరికా చేరి, మిస్సోరీలోనూ, 1936 నుంచి బర్క్‌లీలోనూ పనిచేసిన జెన్నీ, వాతావరణం, జీవజాలం, నేల ఎత్తుపల్లాలు, మాతృశిల (నేలకు మూలమైన రాయి), కాలం అనే, నేలను రూపొందించే అయిదు కారకాలను ఒకే సమీకరణంగా కూర్చి 1941లో గ్రంథం ప్రకటించడానికి వెనుక ఈ నడకలున్నాయని నా అభిప్రాయం. తరగతి గదుల్లో ఆ సమీకరణాన్ని మాత్రమే వల్లె వేయించి, కొండలెక్కిన మనిషిని వదిలేయడం నాకు ఎన్నడూ నచ్చలేదు.

ఒక గ్రంథాలయ ఉద్యోగిని, భారతీయ నేలల్లో నత్రజని, సేంద్రియ పదార్థాల నిల్వలపై జెన్నీ, మన దేశపు మృత్తికా శాస్త్రవేత్త రాయ్‌చౌధురి కలిసి రాయగా భారత వ్యవసాయ పరిశోధన మండలి 1960లో ప్రచురించిన పుస్తకాన్ని పాత బీరువాల్లో వెతికి తీసి, పెళుసెక్కిన పుటలు విరగకుండా నకలు చేసి ఇచ్చారు. సేద్యం వల్ల నేలలోని సేంద్రియ పదార్థం ఎలా తగ్గుతుందో మిస్సోరీలో కొలిచిన మనిషి, అదే ప్రశ్నతో మన దేశపు నేలలనూ పరిశీలించారని తెలిసి విద్యార్థులు ఆశ్చర్యపోయారు. చిత్రకళలో నేల ఎలా కనిపిస్తుందో వివరిస్తూ జెన్నీ 1968లో రాసిన వ్యాసాన్ని పరిచయం చేసిన చిత్రకారుడికి కూడా రుణపడి ఉన్నాను. నేల పొరల రంగుల్లో అందం చూడగల శాస్త్రజ్ఞులు అరుదు.

చివరిగా, సంగారెడ్డి దగ్గర తన పొలంలో రెండు గుంతలు తవ్వుకోనిచ్చిన రైతు కుటుంబానికి నమస్కారాలు. మిట్ట మీద ఎర్రని చలక, దిగువన నల్లని రేగడి: వాన ఒకటే, ఎండ ఒకటే, నేల వాలు మాత్రం వేరు. జెన్నీ చెప్పిన కారకాల్లో ఒకదాన్ని విద్యార్థులు అక్కడ చేత్తో తాకి చూశారు. పంటకు అడ్డమవుతుందని తెలిసీ కార్యక్రమం ముగిసేదాకా గుంతలను పూడ్చకుండా ఉంచి, వచ్చిన పిల్లలందరికీ మజ్జిగ పోసిన ఆ ఇంటి అమ్మగారికి ప్రత్యేక కృతజ్ఞతలు. ప్రసంగ పాఠాన్ని, ఫొటోలను అందరికీ ఉచితంగా ఇవ్వడానికి వీరందరూ అనుమతించారు. పాఠం చెప్పదలచిన అధ్యాపకులు ఎవరైనా నన్ను అడిగి తీసుకోవచ్చు.