డిసెంబరు బడి రైడ్: సామాన్లు వ్యాన్‌లో, బండ్లు బుధవారం లోపు షెడ్డుకు

బెంగళూరు రామ్మూర్తినగర్ బైక్ మెకానిక్ షెడ్డు నుంచి కస్టమర్లందరికీ నమస్కారం.

డిసెంబరు మొదటి శని, ఆదివారాల్లో మన షెడ్డుకొచ్చే క్లబ్బు వాళ్ళ రైడ్ లేపాక్షి వైపు. లేపాక్షి, చిలమత్తూరు మండలాల్లో మూడు సర్కారు బడులకు కావలసినవి ఇచ్చి రావాలి. ముందు రైడ్‌కు రానివాళ్ళ సంగతి చెప్తాం. ఆ శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా షెడ్డు మూసి ఉంటుంది. ఆ వారం ఇంజన్ విప్పే పనులు తీసుకోం. ఇప్పటికే లోపలున్న వాటిలో సిలిండర్ బోరింగుకు వెళ్ళిన బండ్లు తర్వాతి గురువారం ఇస్తాం, అంతకంటే ముందు అడగొద్దు. రోజూ ఆఫీసుకు బండి తప్పనివాళ్ళు సర్వీసు ఒక వారం ముందే చేయించుకోండి.

ఇక రైడ్‌కు వచ్చేవాళ్ళకు. ఈసారి బండ్ల మీద సామాన్లు కట్టడం లేదు, అన్నీ ఒక టాటా ఏస్‌లో ముందురోజే వెళ్తాయి. కారణం బరువు. 200 పేజీల నోటుబుక్కు ఒక్కటి పావుకిలో పైనే తూగుతుంది. వంద పుస్తకాలంటే 25 కిలోలు దాటుతుంది. చాలా బండ్ల వెనక రాక్‌కు కంపెనీ ఇచ్చే పరిమితి పది కిలోల లోపే, మీ మాన్యువల్‌లో చూడండి. వెనక ఇరుసుకు అవతల బరువు వేలాడితే ముందు చక్రం తేలికవుతుంది. ఊళ్ళో తెలియదు. హైవే మీద 80 దాటాక లారీ గాలి తగిలితే హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది. తాళ్ళు వదులై సైలెన్సర్ మీద పడి కాలడం ఇంకో తలనొప్పి.

ఏం తీసుకెళ్తున్నాం అన్నది కూడా మారింది. ఆంధ్రాలో సర్కారు బడి పిల్లలకు విద్యార్థి మిత్ర కిట్‌లో బ్యాగు, నోటుబుక్కులు, బూట్లు, బెల్టు, యూనిఫాం గుడ్డ ప్రభుత్వమే ఇస్తోంది. మధ్యాహ్నం భోజనంలో గుడ్డు కూడా ఉంటుంది. మనం మళ్ళీ బ్యాగులు, బిస్కెట్లు పట్టుకెళ్తే ఫొటోకు బాగుంటాయి గానీ బడికి పనికిరావు. అందుకే హెడ్‌మాస్టర్లను అడిగి జాబితా రాయించుకున్నాం. మూడు చోట్లా వచ్చినవి రెండే: ఆట సామాన్లు, కథల పుస్తకాలు.

ఆట సామాన్లలో బంతి కన్నా ముందు పాడయ్యేది పంపు సూది. సూది విరిగితే కొత్త వాలీబాల్ కూడా బీరువాలో పడి ఉంటుంది. అందుకని ఒక్కో బడికి రెండు వాలీబాల్స్, ఒక నెట్, పది స్కిప్పింగ్ తాళ్ళు, ఒక చేతి పంపు, దానితో పాటు ఆరు సూదులు విడిగా కవర్లో పెడుతున్నాం. సూదిని తడిపి, నిలువుగా గుచ్చాలి. ఎండు సూది వంకరగా దిగితే లోపలి వాల్వు చిరుగుతుంది, ఇక ఆ బంతి నిలవదు. ఇంకో మాట, ఎవరూ బంతికి బండి కంప్రెసర్‌తో గాలి కొట్టొద్దు. వాలీబాల్‌కు కావలసిన గాలి ఒత్తిడి నాలుగున్నర పీఎస్ఐ దగ్గర. టైరుకు కొట్టే 30 పీఎస్ఐలో అది ఆరో వంతు కూడా కాదు. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి వెళ్ళాలి, అంతే.

పుస్తకాలు ఇవ్వాలనుకునేవాళ్ళు తెలుగు కథల పుస్తకాలే ఇవ్వండి. ఒకటి, రెండు తరగతులకు పేజీకి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, బొమ్మ ఉండాలి. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి ఈ లెక్కకు సరిపోతాయి, ధర కూడా తక్కువ. చదివేసినవైనా పర్వాలేదు, పేజీలు పోకూడదు. ఇంగ్లీషు ఎన్‌సైక్లోపీడియాలు, పోటీ పరీక్షల గైడ్లు దయచేసి షెడ్డులో దించి వెళ్ళొద్దు. వాటిని మళ్ళీ పాత పేపర్ల వాడికి వేయడం మాకు మనసొప్పదు.

బండి చెకప్ సోమ, మంగళ, బుధవారాల్లో. గురువారం తెచ్చిన బండి చూడం, ఎందుకంటే పార్టు తేవాలంటే స్పేర్ పార్టుల దుకాణాలుండే జేసీ రోడ్డుకు వెళ్ళిరావడానికే సగం రోజు పోతుంది. రైడ్ బండ్లకు లేబర్ తీసుకోం, పార్టులకు ఎంఆర్‌పీ తీసుకుంటాం. పార్టుల మీద మాకు మామూలుగా మిగిలేది మిగులుతుంది, అది షెడ్డు అద్దెకు పోతుంది. ఈ సంగతి తెలిసే రండి.

ఈ దారిలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి మూడు: చైన్, క్లచ్ కేబుల్, ట్యూబు. చైన్‌ను చాలామంది గట్టిగా బిగించుకొని వస్తారు. వెనక మనిషి కూర్చుంటే షాక్ అబ్సార్బర్లు దిగి చైన్ ఇంకా లాగుతుంది, ఆ భారం గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది. కింది వరస నడుమ వేలితో కదిపితే చాలా బండ్లలో 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి, ఒకచోట బిగువు, ఒకచోట వదులు ఉంటే చైన్ సాగిపోయినట్టే, అప్పుడు స్ప్రాకెట్లతో (చైన్ తిరిగే పళ్ళ చక్రాలతో) సహా మార్చాలి. క్లచ్ కేబుల్ లివర్ దగ్గర తొడుగు తీసి చూడండి, ఒక్క తీగ పైకి లేచి ఉన్నా మార్చేద్దాం. స్పోక్ చక్రాల బండ్ల వాళ్ళు మీ సైజు ట్యూబు వెంట తెచ్చుకోవాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి ముందు 19, వెనక 18 అంగుళాలు. టైరు అరుగుదల గుర్తు దాకా వచ్చి ఉంటే ఆ బండిని రైడ్‌కు రానివ్వం, ఎంత పాత కస్టమరైనా సరే. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తుతో, వెనక కూర్చునేవాళ్ళకు కూడా.

దారి హెబ్బాళ, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగి లేపాక్షి రోడ్డు పట్టాలి. టోల్ గేట్లలో బైకులకు డబ్బు కట్టక్కర్లేదు, ఎడమ చివరి సందులోంచి వెళ్ళండి. నంది కొండ పక్కన తెల్లవారుజామున మంచు పడుతుంది, అందుకని హెబ్బాళ నుంచి ఐదున్నరకు బయల్దేరినా చిక్కబళ్ళాపురం దాటేదాకా 60కి మించొద్దు. అసలు జాగ్రత్త హైవే దిగాకే. ఈ రోజుల్లో రైతులు రాగి, ఉలవ కట్టెను తారు రోడ్డు మీద పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. దాని మీద బ్రేకు వేస్తే ముందు చక్రం జారుతుంది. రోడ్డంతా పరిచి ఉంటే ముందే వేగం తగ్గించి, గేర్ దించి, హ్యాండిల్ నిటారుగా పట్టుకొని, బ్రేకు ముట్టకుండా దాటండి. దాటాక ఆగి కింద చూడండి. ఉలవ తీగ చైన్ స్ప్రాకెట్‌కు చుట్టుకుంటుంది, ఎండు గడ్డి వేడి సైలెన్సర్‌కు అంటుకుంటే పొగ వస్తుంది. ఇంజన్ ఆపి, చేతికి గుడ్డ చుట్టుకొని లాగాలి. రైతు మీద అరవొద్దు. అది వాళ్ళ ఏడాది పంట.

బడికి వెళ్ళేది శనివారమే. ఆదివారం సెలవు, మనకోసం పిల్లల్ని సెలవు రోజు పిలిపించడం మాకిష్టం లేదు. మండల విద్యాశాఖాధికారికి, హెడ్‌మాస్టర్లకు లెటర్లు ఇచ్చేశాం. బండ్లు గేటు బయటే ఆపాలి, హారన్ వద్దు, ఎక్సలేటర్ తిప్పి చప్పుడు చేయొద్దు. పిల్లల్ని వరసలో నిలబెట్టి చేతికందించే కార్యక్రమం లేదు, సామాన్లు హెడ్‌మాస్టర్‌కు అప్పగించి స్టాకు రిజిస్టర్లో రాయించి సంతకం తీసుకుంటాం. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు ఎవరూ పెట్టొద్దు. మీరు చేయగలిగిన మంచి పని ఒకటుంది: నెట్ కట్టి, గంటసేపు వాళ్ళతో ఆడండి.

డబ్బు సంగతి. మాకు ఆదాయపు పన్ను 80జీ గుర్తింపు లేదు, కాబట్టి మీరిచ్చేదానికి పన్ను మినహాయింపు రాదు. రైడ్‌కు మనిషికి 600 రూపాయలు, అది రెండు పూటల భోజనానికి, రాత్రి బసకు. పెట్రోలు మీది, రానూపోనూ ఏడెనిమిది లీటర్లు. వ్యాన్ బాడుగ షెడ్డు పెట్టుకుంటుంది. బడులకని ఇచ్చిన డబ్బులో ఒక్క రూపాయి కూడా భోజనాలకు, టీషర్టులకు పోదు, అసలు టీషర్టులు వేయించడం లేదు. బిల్లులన్నీ కౌంటర్ పక్కన గోడకు అంటిస్తాం, వచ్చి చూసుకోండి.

పేరు ఇవ్వాలంటే బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితం, లైసెన్సు నకళ్ళతో కౌంటర్‌కు రండి. పుస్తకాలు గురువారం సాయంత్రం ఆరు దాకా తీసుకుంటాం, వ్యాన్ శుక్రవారం మధ్యాహ్నం రెండుకు బయల్దేరుతుంది.