లాంచ్ వార్తల్లో వైబ్రేషన్ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం. రాకెట్ లాంచ్ ఉందంటే మీ పేపర్లో కౌంట్‌డౌన్, బరువు, ఖర్చు అన్నీ వస్తాయి కానీ ఆ శాటిలైట్ బాడీ పైకెళ్లేటప్పుడు ఎంత వణుకుతుంది, ఎలా తట్టుకుంటుంది అన్నది ఒక్క ముక్క ఉండదు. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగం ఫెయిలైతే సెన్సార్ పోయిందనే చాలామంది గుర్తుపెట్టుకున్నారు. జరిగింది వేరు, రెండో స్టేజ్ విడిపోయేటప్పుడు ఎక్విప్‌మెంట్ బే (రాకెట్‌లో పరికరాలు పెట్టే అర) డెక్ కాసేపు గట్టిగా అదిరింది, ఆ అదురు యాక్సెలరోమీటర్లు (వేగంలో మార్పుని, అదురుని పసిగట్టే సెన్సార్లు) కొలిచే హద్దు దాటేసింది, సాఫ్ట్‌వేరేమో అవి పాడైపోయాయని లెక్కేసుకుంది, దాంతో 356 కి.మీ. ఎత్తులో గుండ్రంగా తిరగాల్సిన శాటిలైట్లు ఒక పక్క 76 కి.మీ.కి దిగిపోయే కక్ష్యలో పడ్డాయి. ప్రభుత్వ బడుల ఆడపిల్లలు 750 మంది కలిసి చేసిన ఆజాదీశాట్ కూడా వాటితోనే పోయింది, తలుచుకుంటే ఇప్పటికీ బాధే. 2023 ఫిబ్రవరి 10న మళ్లీ ఎగరేసే ముందు ఆ బే నిర్మాణంలోనూ స్టేజ్ విడదీసే పద్ధతిలోనూ మార్పులు చేశారు, అప్పుడు సక్సెస్ అయింది.

శాటిలైట్ ప్యానెళ్లు, మధ్యలో ఉండే సిలిండరు ఎక్కువగా శాండ్‌విచ్ రకమే, అటూ ఇటూ పల్చటి కార్బన్ ఫైబర్ షీట్లు, నడుమ అల్యూమినియం తేనెపట్టు. ఒక రేకుని రెండు పొరలుగా చేసి మధ్యలో తేనెపట్టు పెట్టి మందం రెట్టింపు చేస్తే బరువు 3 శాతమే పెరుగుతుంది, వంగకుండా నిలబడే బిగువు (స్టిఫ్‌నెస్) మాత్రం దాదాపు 7 రెట్లు! కానీ ఆ తేనెపట్టు షియర్‌లో, అంటే పై పొర ఒకవైపు కింది పొర ఇంకోవైపు లాగినప్పుడు, కొంచెం జరుగుతుంది, అది లెక్కలో వదిలేస్తే కాగితం మీద ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) ఎక్కువ కనిపిస్తుంది, అసలుది తక్కువుంటుంది, రాకెట్ ఊపుతో అది కలిసిందా రెజొనెన్సే, అంటే ఊపు అంతకంతకూ పెరిగిపోతుంది. షెల్ (సిలిండరులా వంపు తిరిగిన పల్చటి గోడ) అయితే ఇంకా కష్టం, సిలిండర్ చుట్టూ అలలు అలలుగా ఊగే తీరు (మోడ్) ఒక్కోసారి అన్నిటికన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో వస్తుంది, మా కాలేజీ పిల్లలు దీన్ని ఓ పట్టాన నమ్మరు. మా బొబ్బిలి వీణకి పనస చెక్క లోపల తొలిచేది బాగా మోగాలని, ఇక్కడ పని అంతా మోగకుండా చూసుకోడమే.

దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదండీ. మన జిల్లా కాలేజీల్లో పట్టీని బిగించే వైస్ ఉంది, ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంది, చిన్న యాక్సెలరోమీటర్ కొన్ని వందల్లో దొరుకుతుంది. శాండ్‌విచ్ పట్టీలు రెండు చేసి, ఒకదాంట్లో కొంత మేర జిగురు రాయకుండా వదిలేసి, రెండిటినీ ఒకే పొడవున బిగించి వేలితో మీటితే అతుకు లేనిది తక్కువ ఫ్రీక్వెన్సీలో ఊగడం గ్రాఫ్‌లోనే తెలిసిపోతుంది. ఇది ఒక్కసారి చూసిన పిల్లాడికి స్టిఫ్‌నెస్ తగ్గితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుందని మళ్లీ బట్టీ పట్టించక్కర్లేదు.

సండే పేజీలో నాలుగు వారాలు కొంచెం చోటివ్వండి సార్, బొమ్మలు గీసి నేనే పంపిస్తాను.

- ఒక మెకానికల్ లెక్చరర్, బొబ్బిలి, విజయనగరం జిల్లా